పది తప్పిన పిన్ని మాట ఎవరు వింటారు?

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నాకు ముప్పై ఎనిమిదేళ్ళు. పది తప్పాను. ఇంట్లోనే మిషన్ కుడతాను. మా పొదుపు సంఘంలో మినిట్స్ పుస్తకం రాస్తాను. మా బావగారి కూతురు ఊళ్ళో హైస్కూల్లోనే చదివి పదిలో మంచి మార్కులు తెచ్చుకుంది. నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటొచ్చింది. బావగారు పంపనంటున్నారు. ఆడపిల్లని ఆరేళ్ళు అంత దూరం హాస్టల్లో ఎట్లా పెడతాం, రేపు సంబంధాలు ఎట్లా వస్తాయి, కావలిలోనే ఇంటర్ చేర్పిస్తానంటారు. మా అత్తమ్మ కూడా కొడుకు వైపే. ఆమె పుట్టిల్లు కలిగిరి దగ్గర, పాతకాలం మనిషి. మా అక్క, అంటే మా తోడికోడలు, నోరు తెరవదు. మొన్న రాత్రి ఆ పిల్ల నా దగ్గరికొచ్చి "పిన్నీ, నువ్వన్నా చెప్పు" అని ఏడ్చింది. పది తప్పినదాన్ని, నా మాటకి విలువేంది? ఏ కలెక్టరమ్మో చెప్తే వింటారు. మార్చి 8న మండలాఫీసులో గొప్ప గొప్ప ఆడవాళ్ళ గురించి చెప్తారు. దారి వేసింది వాళ్ళు. నాలాంటివాళ్ళం ఏం చేశాం? ఒకవేళ నేను గట్టిగా మాట్లాడి పంపించాక ఆ పిల్ల గొప్పదేం కాకపోతే, మధ్యలో వదిలేసి వస్తే, ఇంట్లో నా మొహం ఎట్లా చూపించాలి?
– ఒక సోదరి, కావలి

జవాబు:

చెల్లీ,

మీరు అడిగినదానికి ముందు సూటిగా చెప్తాను. మాట్లాడండి. ఆ ఇంట్లో మాట్లాడాల్సింది మీరే.

కలెక్టరమ్మే మీ ఇంటికొచ్చి చెప్పిందనుకోండి. మీ బావగారు చేతులు కట్టుకుని వింటారు. ఆమె బండెక్కి పోగానే "ఆమె సంగతి వేరు, ఆమె పుట్టిన ఇల్లు వేరు, మనకెట్లా కుదురుతుంది" అంటారు. గొప్పవాళ్ళ విషయంలో మన ఇళ్ళల్లో జరిగేది ఇదే. దండ వేస్తాం, పక్కన నిలబడి ఫోటో దిగుతాం, తర్వాత వాళ్ళని మన లెక్కలోంచి తీసేస్తాం. అదే ఎదురింట్లో మిషన్ కుట్టుకునే ఆమె తన కూతుర్ని హాస్టల్‌కి పంపిందంటే అలా తప్పించుకునే వీలు లేదు. ఆమెకీ మనకున్నంతే ఉంది, ఆమె పంపింది, మనం ఎందుకు పంపలేం అన్న మాట ఇంట్లోకి వచ్చి కూర్చుంటుంది. ఆ మాట ఎదురింటి ఆమె వల్ల వస్తుంది గానీ, వేదిక మీద సన్మానం అందుకున్న ఆమె వల్ల రాదు.

"నాలాంటివాళ్ళం ఏం చేశాం" అన్నారు. కలిగిరి వైపు నుంచి వచ్చిన అత్తగారు ఉన్న ఇంట్లో కూర్చుని అడిగారు కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షర దీపం అని పెద్దవాళ్ళకి చదువు నేర్పే కార్యక్రమం మొదలైంది. పగలంతా నాట్లకీ కలుపులకీ పోయి వచ్చిన ఆడవాళ్ళు రాత్రిళ్ళు పలకలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ పాఠాల్లో సీతమ్మ కథ ఒకటి, తాగుడు వల్ల చితికిపోయిన సంసారం గురించి. అది చదువుతుంటే ప్రతి ఒక్కరికీ తన ఇంటి కథే అనిపించింది. ప్రభుత్వమే సారాని ప్యాకెట్లలో పోయించి ఊరూరా అమ్మించే రోజులవి. మగవాళ్ళ కూలి డబ్బులు గడప తొక్కకముందే కొట్టుకి చేరేవి. అప్పటిదాకా ఎవరి ఇంట్లో వాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చిన సంగతి, బడి పేరుతో నలుగురూ ఒకచోట కూర్చోవడంతో పైకొచ్చింది.

1992లో మీ అత్తమ్మ పుట్టింటి వైపే, కలిగిరి మండలం దూబగుంటలో ఏం జరిగిందో అందరికీ పైపైన తెలుసు. అందులో ఒక్క సంగతి దగ్గర కాసేపు ఆగుదాం. వంద మంది దాకా ఆడవాళ్ళు ఊరి బయటికి పోయి కల్లు బండిని ఆపారు. కల్లు పారబొయ్యమన్నారు. పారబోస్తే నీకు నష్టం కదా, మేం తలా ఒక రూపాయి వేసుకుని ఇస్తాం అని కూడా అన్నారు. కూలి మీద బతికే మనుషులు వాళ్ళు, రూపాయంటే లెక్క ఉన్న మనుషులు. అంత కోపంలోనూ అవతలివాడి నష్టం గురించి ఆలోచించారు, దాన్ని తీర్చే దారీ వాళ్ళే చూపించారు. ఆ తర్వాత సారా తెచ్చిన జీపుని చుట్టుముట్టి వెనక్కి పంపారు. ఇదంతా "ఆడవాళ్ళు ఏకమైతే" అన్న పాఠమై తర్వాతి వాచకంలో అచ్చయింది. పక్క ఊళ్ళ ఆడవాళ్ళు దాన్ని కూడబలుక్కుని చదివారు. చదివినవాళ్ళు తమ ఊళ్ళో కొట్టు ముందు పోయి కూర్చున్నారు. సారా వేలం పాటలు జరగనివ్వలేదు. అధికారులు వాయిదా వేసిన ప్రతిసారీ మళ్ళీ వచ్చారు. 1993 ఏప్రిల్లో ముందు నెల్లూరు జిల్లాలోనూ, అదే ఏడాది అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతటా సారా బంద్ అయింది.

దూబగుంటలో ముందు నిలబడిన వర్ధినేని రోశమ్మ పేరు మనకు తెలుసు. తెలియాలి కూడా, ఆమె తెగువ చిన్నది కాదు. అయితే ఆ బండి ముందు ఆమె ఒక్కతే నిలబడి ఉంటే ఏమయ్యేది? బండివాడు ఎడ్లని పక్కకి తిప్పుకుని పోయేవాడు. ఊళ్ళో ఆమెకి పిచ్చిదన్న పేరొచ్చేది. మిగతా వాళ్ళంతా వెనక ఉన్నారు కాబట్టే ఆమె మాట హైదరాబాదు దాకా పోయింది. వాళ్ళ పేర్లు మీకూ నాకూ తెలియవు. వాళ్ళలో చాలామంది ఆ సాయంత్రం ఇంటికి పోయి పొయ్యి ముట్టించి ఉంటారు, మర్నాడు కూలికి పోయి ఉంటారు. రోశమ్మని పొగిడే సభల్లో ఈ భాగం వదిలేస్తారు. నాకు బాధ కలిగేది అక్కడే, ఎందుకంటే ఆ సభల్లో కింద కుర్చీల్లో కూర్చుని వినేది మీలాంటివాళ్ళే. మన గురించి ఏమీ చెప్పలేదు కాబట్టి మనం ఏమీ చేయలేదనుకుని ఇంటికి పోతారు.

సారా డబ్బు మిగిలాక ఏం చేయాలన్న ఆలోచన నుంచి ఈ జిల్లాలో పొదుపు లక్ష్మి పుట్టింది. రోజుకి రూపాయి, నెలకి ముప్పై. తర్వాత డ్వాక్రా గ్రూపులు, బ్యాంకు లింకేజీలు అన్నీ దాని వెనకే ఊళ్ళకి వచ్చాయి. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం 1997లో ఎత్తేశారు. పొదుపు మాత్రం ఆగలేదు. మీరు రాసే మినిట్స్ పుస్తకం అక్కడి నుంచి వచ్చిందే, చెల్లీ. "పుస్తకం రాస్తాను" అని ఒక్క ముక్కలో తేల్చేశారు గానీ, ఈ రాత్రి దాన్ని ఒకసారి తెరిచి చూడండి. హాజరు, పొదుపు, పాత అప్పు, కొత్త అప్పు, ఎవరు ఎందుకు తీసుకున్నారు. కూతురి కాలేజీ ఫీజుకని, నర్సింగ్ చేర్పించడానికని, హాస్టల్ డిపాజిట్‌కని తీసుకున్న అప్పులు ఎన్ని ఉన్నాయో వేలు పెట్టి లెక్కపెట్టండి. ఒక్కో అప్పుకీ పది మంది ఆడవాళ్ళు కూర్చుని "ఇవ్వొచ్చు" అని తీర్మానం చేశారు, సంతకాలు పెట్టారు. తీర్మానం రాసిన చెయ్యి మీది. మీ ఊరి ఆడపిల్లల చదువుకి దారి వేసినవాళ్ళెవరో ఆ పుస్తకంలోనే ఉంది. పేర్లు మాత్రం ఎవరికీ చూపించొద్దు, ఎవరి అప్పు వాళ్ళ గుట్టు. మీ ధైర్యానికే చూసుకోండి.

ఇంకొక సంగతి, కొంచెం పాతది. పొణకా కనకమ్మగారి గురించి మీరు మార్చి 8 సభల్లో వినే ఉంటారు. బడి మొహం చూడకుండానే, చిన్నతనంలో పెళ్ళై పొట్లపూడి కాపురానికి వచ్చిన మనిషి. సొంతంగా చదువుకుని, స్వాతంత్ర్య పోరాటంలోకి దిగి, 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. అది గొప్ప పనే. కానీ బడి పెట్టగానే బడి అయిపోదు. ఈడొచ్చిన పిల్లని వీధిలోంచి నడిపించి ఆ బడికి పంపిన తల్లులు ఉండాలి. పంపితే ఇరుగుపొరుగు అనే మాటలు పడాలి. పిల్ల చేయాల్సిన ఇంటిపని తామే చేసుకోవాలి. ఆ తల్లులు పంపకపోతే కనకమ్మగారికి మిగిలేది నాలుగు గోడలే. మొదటి పిల్లని పంపడానికి తెగువ కావాలి, రెండో పిల్లకి కొంచెం తక్కువ సరిపోతుంది, ఇరవయ్యో పిల్లని పంపేటప్పటికి అది ఊరికి అలవాటైపోతుంది. మామూలు ఆడవాళ్ళు చేసే పని ఈ అలవాటు చేయడమే. కొత్తగా, వింతగా ఉన్నదాన్ని వాళ్ళు రోజూ చేసి మామూలు చేసేస్తారు. ఆ తర్వాత వచ్చే తెలివైన పిల్లకి ఇంట్లో వాళ్ళతో పోట్లాడి అలిసిపోయే పని తప్పుతుంది. ఉన్న శక్తంతా చదువు మీద పెట్టుకోవచ్చు.

అయితే ఒకటి. "ఆడవాళ్ళు తెర వెనక ఉండి త్యాగం చేస్తారు కాబట్టే గొప్పవాళ్ళు పుడతారు" అని కూడా సభల్లో చెప్తుంటారు. అది నేను ఒప్పుకోను. టంగుటూరి ప్రకాశం పంతులుగారికి పదకొండేళ్ళప్పుడు తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు పెట్టి పిల్లల్ని సాకింది. ఆ కష్టానికి దండం పెట్టాల్సిందే. కానీ మన దగ్గర తల్లుల చెమట తరాల తరబడి కొడుకుల చదువులకే పోయింది. కష్టపడటంలో ఏ తల్లీ తక్కువ చేయలేదు, ఆ కష్టం కూతుళ్ళ దాకా రాలేదంతే. ఊరికే నోరు మూసుకుని చాకిరీ చేస్తే ఎవరికీ దారి పడదు. మీ అక్క పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంట్లో చేస్తున్నది అదే అయి ఉంటుంది, దాని వల్ల ఈ పిల్లకి నూజివీడు దగ్గర కాలేదు కదా. దారి పడేది ఎవరో ఒకరు నలుగురిలో "పంపుదాం" అన్నప్పుడు.

సరే, ఎలా అనాలి అన్నది చూద్దాం.

ముందు మీ అక్కతోనే. ఆమె నోరు తెరవదన్నారు గానీ, ఆమె మనసులో ఏముందో రాయలేదు. బహుశా ఎవరూ అడిగి ఉండరు. ఇద్దరే ఉన్నప్పుడు, పెరట్లో బట్టలు ఉతికేటప్పుడో ఎప్పుడో, "అక్కా, నీకు పంపాలని ఉందా లేదా" అని అడగండి. ఆమెకి ఇష్టం లేకపోతే భయం దేనికో తెలుసుకోండి. ఇష్టం ఉంటే, మీరు మాట్లాడేటప్పుడు పక్కన వచ్చి కూర్చుంటే చాలని చెప్పండి. ఏమీ అనక్కర్లేదు. తల్లి అక్కడ కూర్చోవడమే మీ బావగారికి కొత్త.

తర్వాత మీ అత్తమ్మ. మీరు ఆమెని పాతకాలం మనిషి అన్నారు. ఆమెకి అరవై ఐదు దాటి ఉంటే, సారా ఉద్యమం నాటికి ముప్పై దాటిన మనిషి. పుట్టిల్లు కలిగిరి దగ్గర. రాత్రి బడికి పోయిందో, కొట్టు ముందు కూర్చుందో, పోయినవాళ్ళని చూసిందో, ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. అడగండి. మనవరాలి సీటు సంగతి ఎత్తకుండా, ఆ రోజులు ఎలా ఉండేవో చెప్పమనండి. మనవరాలిని కూడా పక్కన కూర్చోబెట్టండి. ఆ కాలం ఆడవాళ్ళని అడిగితే గంటలు గంటలు చెప్తారు, వాళ్ళని అడిగేవాళ్ళే ఉండరు. ఊరంతా వద్దన్న పనికి తనో, తన తోటివాళ్ళో ఎలా బయల్దేరారో ఆమె నోటితో చెప్పాక, మర్నాడు కొడుకు వైపు అంత గట్టిగా నిలబడటం ఆమెకి కష్టమవుతుంది. ఒకవేళ అప్పుడు కూడా గడప దాటలేదనుకోండి, ఎందుకు దాటలేదో చెప్తుంది. అదీ పనికొచ్చే మాటే.

మీ ఆయన గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆయన బావగారికి తమ్ముడు. ఆయన మీ పక్కన నిలబడితే "ఆడవాళ్ళంతా ఒకటయ్యారు" అన్న మాటకి చోటుండదు. ఆయనతో ముందే మాట్లాడుకోండి.

ఇక బావగారు. ఆయన్ని చెడ్డవాడిగా చూడకండి. కూతుర్ని కావలిలో ఇంటర్ చేర్పిస్తానంటున్నారు, అంటే చదువు వద్దనడం లేదు. ఆయన భయం దూరం గురించి, హాస్టల్ గురించి. ఆ భయం నిజమైనదే, దాన్ని తీసిపారేస్తే మాట ముందుకి సాగదు. ట్రిపుల్ ఐటీలో మొదటి రెండేళ్ళు పీయూసీ, ఇంటర్‌తో సమానం. తర్వాతి నాలుగేళ్ళు బీటెక్. కావలిలో చదివినా ఆ రెండేళ్ళు ఇంటరే, ఆ తర్వాత ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కోచింగ్ అనీ, కాలేజీ ఫీజులనీ మళ్ళీ మొదలు. పది మార్కుల మీద, పోటీ పరీక్ష లేకుండా, హాస్టల్‌తో సహా ఆరేళ్ళ చదువు ఒకేసారి దొరకడం మాటలు కాదని ఆయనకి హైస్కూల్ హెడ్‌మాస్టర్ చేతే చెప్పించండి. అక్కడ చదివిన, చదువుతున్న ఆడపిల్లల ఇళ్ళు మీ మండలంలోనే ఉంటాయి. హెడ్‌మాస్టర్‌ని అడిగితే ఫోన్ నంబర్ దొరుకుతుంది. ఆ పిల్ల తండ్రితో మీ బావగారిని మాట్లాడించండి. తండ్రికి తండ్రి చెప్పినట్టు మనం ఎవరం చెప్పలేం. సంఘంలో కూతుర్ని బయట చదివించిన ఒకరిద్దరు ఉంటే, ఒక సాయంత్రం మామూలుగా మీ ఇంటికి రమ్మనండి. పంచాయితీ పెట్టడానికి వచ్చినట్టు ఉండకూడదు. వాళ్ళ పిల్లలు ఎప్పుడెప్పుడు ఇంటికొస్తారు, హాస్టల్లో తిండి ఎలా ఉంటుంది, ఒంట్లో బాలేకపోతే ఎవరు చూస్తారు అని వాళ్ళు మాట్లాడుకుంటుంటే ఆయన విననట్టే కూర్చుని అన్నీ వింటారు.

సంబంధాల సంగతి ఎత్తితే వాదించకండి. పిల్లకి పదహారు నిండాయో లేదో, ఆ మాట తేల్చాల్సిన అవసరం ఇప్పుడు లేదు. "బావగారూ, ఒకసారి పోయి చూసొద్దాం. మీకు నచ్చకపోతే వెనక్కి తెచ్చుకుందాం" అన్న చోటే ఉండండి. అంతకంటే పెద్ద మాట ఇప్పుడు ఆయన దగ్గర తీసుకోవాలని చూడొద్దు. గొంతు పెంచొద్దు. బంధువులు ఉన్నప్పుడు అసలొద్దు.

ఇంక మీ చివరి ప్రశ్న. పిల్ల గొప్పది కాకపోతే? మధ్యలో వదిలేస్తే? మీ వీధిలో బీటెక్ సగంలో వదిలేసి వచ్చిన మగపిల్లలు లేరా? వాళ్ళని పంపమన్న బాబాయిలు ఎవరైనా మొహం దాచుకున్నారా? మగపిల్లవాడు తప్పితే వాడొక్కడే తప్పుతాడు. ఆడపిల్ల తప్పితే ఆమెని పంపినవాళ్ళు, ఆ తర్వాత పోవాల్సిన పిల్లలు, అందరూ తప్పినట్టు లెక్క. ఈ లెక్కే తప్పు. ఆ పిల్లకి సీటు మార్కుల మీద వచ్చింది, రేపు పెద్ద పేరు తెస్తానని మాటిచ్చినందుకు రాలేదు. ఆమె చదువుకుని ఏదో ఒక ఆఫీసులో మామూలు ఉద్యోగం చేసుకుంటే అది చాలు. కష్టపడి పాసైతే చాలు. ఈ సంగతి ఆ పిల్లతో కూడా చెప్పండి, పోయే ముందే. "మా పరువు నీ చేతుల్లో ఉంది" అని మాత్రం ఇంట్లో ఎవర్నీ అననివ్వకండి. హాస్టల్లో పిల్లల్ని కుంగదీసేది ఆ మాటే. మార్కులు తగ్గినా, బెంగగా ఉన్నా పిన్నికి ఫోన్ చేయొచ్చన్న నమ్మకం ఆమెకి ఉండాలి. అది మీరివ్వగలరు, కలెక్టరమ్మ ఇవ్వలేదు.

ఆమె పోతే మీ ఊరి హైస్కూల్లో కింది తరగతి పిల్లలకి "ఫలానా అక్క పోయింది" అని చెప్పుకోవడానికి ఒక పేరుంటుంది. వాళ్ళలో ఎవరైనా నిజంగా అసాధ్యురాలు కావచ్చు. ఆ పిల్లకి మీరెవరో తెలియకపోవచ్చు. దూబగుంట వంద మందిలో మనకి ఎంతమంది తెలుసు?

పది తప్పానని మీ ఉత్తరంలో రెండుసార్లు రాశారు. ఓపెన్ స్కూల్ ద్వారా పది పరీక్ష ఈ వయసులోనూ కట్టొచ్చు. సంఘం లెక్కలు రాసే చెయ్యికి అది కొండంత పనేం కాదు. ఇది బలవంతం కాదు, మీకు కోరిక ఉంటేనే.

ఇప్పుడు తొందర పడాల్సింది తేదీ గురించి. కౌన్సెలింగ్ రోజు పోకపోతే సీటు తర్వాతి పిల్లకి పోతుంది, మళ్ళీ అడిగినా ఇవ్వరు. రేపు పొద్దున్నే స్కూల్‌కి పోయి తేదీ కనుక్కోండి. టీసీ, స్టడీ సర్టిఫికెట్లు తెచ్చుకోండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు పాతవైతే సచివాలయంలో ఇప్పుడే అర్జీ పెట్టండి, వాటికి రోజులు పడుతుంది. ఇంట్లో మాట తేలేదాకా ఆగొద్దు. కాగితాలు సిద్ధంగా ఉంటే ఎవరికీ నష్టం లేదు. పెట్టె, దుప్పట్లు, మొదటి ఖర్చులకి తక్కువపడితే సంఘంలో మీ పేరు మీద చిన్న అప్పు అడగండి, ఇంట్లో అందరికీ చెప్పే తీసుకోండి. కావలిలో రైలెక్కితే బెజవాడ, అక్కడి నుంచి నూజివీడుకి బస్సు. బావగారు, పిల్ల పోతారు సరే, మీ అక్కకి కూడా టికెట్ తీయించండి. కూతురు ఏ గదిలో పడుకుంటుందో, ఏ అన్నం తింటుందో తల్లి కళ్ళారా చూసి రావాలి.